ఆకాశంలోనూ హారన్!

"అమ్మా, వచ్చే ఆదివారం నుంచి గ్లైడర్ నేర్చుకుంటున్నా. అంటే, ఇంజిన్ లేని విమానం!" అని జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్లో చెప్పినప్పుడు నేను పులిహోరకి చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి గిన్నెలో అలాగే ఉండిపోయింది.

మేముండేది హైటెక్ సిటీ ఎం.ఎం.టి.ఎస్. స్టేషన్ దగ్గర. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఇక్కడ రోడ్డు దాటడానికే నాకు గుండె దడ. అలాంటిది నా కూతురు ఆకాశంలో, అదీ ఇంజిన్ లేకుండానా?

మిట్టమధ్యాహ్నం గద్దలు రెక్కలాడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెళ్ళడం మీరు చూసే ఉంటారు. గ్లైడర్ కిటుకూ అదేనట. తాడు కట్టి పైకి లాగి వదిలాక, వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుని అందులో చుట్లు తిరుగుతూ ఎత్తుకి పోతుంది. చిక్కల్లా ఏమిటంటే, మంచి గాలి దొరికిన చోటికే అన్ని గ్లైడర్లూ చేరతాయి. ముందు వచ్చినవాళ్ళు ఎటు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్ళూ అటే తిరగాలని నియమం ఉందట. అయినా సన్నగా, తెల్లగా ఉండే గ్లైడర్ ఎదురుగా వస్తుంటే కంటికి ఆనదట.

"మరి గుద్దుకుంటేనో?" అన్నాను. 1996 నవంబరులో హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది పోయిన సంగతి నేనింకా మరిచిపోలేదు.

"దానికో పెట్టె ఉందమ్మా. ఫ్లార్మ్ అంటారు. 2004లో స్విట్జర్లాండ్ వాళ్ళు తెచ్చారు" అని విడమర్చి చెప్పింది. ప్రతి గ్లైడర్‌లోని పెట్టే తానెక్కడుందో, కొద్ది సెకన్లలో ఎక్కడికి వెళ్ళబోతోందో సెకనుకోసారి రేడియోలో చెబుతూ ఉంటుందట. పక్కవాళ్ళ పెట్టె చెప్పేదీ వింటుంది. ఢీకొనే ప్రమాదం కనిపిస్తే సుమారు 18 సెకన్ల ముందే కూత మొదలుపెట్టి, అవతలివాళ్ళు ఏ దిక్కున ఉన్నారో దీపంతో చూపిస్తుంది. పెద్ద విమానాల్లో పరికరమైతే పైకి వెళ్ళు, కిందికి దిగు అని కూడా చెబుతుంది. ఇది అలా చెప్పదు. ఎటు తప్పుకోవాలో నడిపేవాళ్ళే చూసుకోవాలి. ఆకాశంలోనూ హారన్ ఉందన్నమాట! కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఓ ఆదివారం మాటల్లో తనే చెప్పేసింది. "ఇవాళ ఒక గ్లైడర్ బాగా దగ్గరగా వచ్చిందమ్మా. పెట్టె పలకలేదు. మా మాస్టారు ఎప్పుడూ తల తిప్పి చూడు, చూడు అంటుంటారుగా, అందుకే కంటపడింది. పక్కకి తప్పుకున్నాం." అవతలి గ్లైడర్‌లో పెట్టె పనిచెయ్యడం లేదని దిగాక తెలిసిందట. తన ఉనికి చెప్పుకోని విమానం ఈ పెట్టెకి కనబడదు మరి!

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఇంక చాలు. మానెయ్యి" అని గట్టిగా అరిచేశాను. "సరేలే అమ్మా" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు వంట గురించీ, వాన గురించీ మాట్లాడిందే తప్ప గ్లైడర్ ఊసెత్తలేదు. మానేసిందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

ఓ సాయంత్రం మావారితో నా బాధ చెప్పుకున్నాను. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. మా స్టేషన్ మీదుగా లింగంపల్లి, వికారాబాద్ వెళ్ళే ఈ దారిలోనే రైళ్ళు ఢీకొనకుండా 'కవచ్'ని పరీక్షించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒక ఇంజిన్‌కి ఎదురుగా ఇంకో ఇంజిన్‌ని నడిపితే, 380 మీటర్ల దూరంలో అదంతట అదే బ్రేకు పడి ఆగిందట.

"గ్లైడర్ పెట్టె కూడా అలా బ్రేకు వేస్తే ఎంత బావుండునండీ!" అన్నాను.

ఆయన నవ్వారు. "పిచ్చిదానా! రైలు పట్టాల మీద ఆగుతుంది. గ్లైడర్ గాలిలో ఆగితే ఏమవుతుంది?"

నిజమే! కింద పడుతుంది. అందుకే ఆ పెట్టె ఆపదు, వేళకి చెబుతుంది. నేను చేసిందేమిటి? పిల్లకి బ్రేకు వేయబోయాను. దాంతో అది నాకు చెప్పడమే మానేసింది. పెట్టె పలకని గ్లైడర్ ఎంత ప్రమాదమో, మనసులో మాట చెప్పని పిల్లా అంతే కదండీ!

ఆ రాత్రే ఫోన్ చేశాను. "తల్లీ, గ్లైడర్‌కి వెళ్తున్నావా?" అవతల కాసేపు నిశ్శబ్దం. "వెళ్తున్నానమ్మా" అంది మెల్లగా.

"వెళ్ళు. కానీ నాకు చెప్పి వెళ్ళు. మెడ తిప్పి చూడ్డం మాత్రం మానకు."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఎక్కేముందు ఒక మెసేజ్ పెడుతుంది: "పెట్టె పనిచేస్తోంది. కళ్ళూ పనిచేస్తున్నాయి." దిగాక ఇంకొకటి. ఆ రెండింటి మధ్యా నాకు దడ తగ్గిందంటే అబద్ధమే అవుతుంది. పొయ్యి మీద పోపు మాత్రం మాడకుండా చూసుకోగలుగుతున్నాను!