పలక నిండితే...

నేను చేసే ఉద్యోగమేమిటో అమ్మకి చెప్పడం నా తరం కాలేదు. చివరికి ఇలా చెప్పాను:

"ఒకే ఇంట్లో నలుగురు అద్దెకున్నారనుకో. ఎవరికి వాళ్ళు ఇల్లంతా తమదే అనుకుంటారు. హైపర్‌వైజరంటే ఇంటి యజమాని. ఏ వాటాలో ఏం జరిగిందో ఆయన పలక మీద రాస్తాడు; కాపలావాడు చదివి తుడుస్తాడు."

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టి, 2003లో లోకం చూసిన జెన్‌లో ఒక రకం నిఘాకి ఆ పలక ఒక్క పేజీయే. అంటే 4096 బైట్లు.

"నిండిపోతేనో?" అంది అమ్మ.

అసలు చిక్కంతా అక్కడే! ఆ నిఘాలో అయితే, పలక ఖాళీ అయ్యేదాకా అద్దెవాణ్ణి ఉన్నచోటే నిలబెడతారు. కబురు పోదు, పని ఆలస్యం. అదే జెన్‌లో మరో పద్ధతి ఉంది: పని ఆగదు, పట్టని కబుర్లు పోతాయి. ఎన్ని పోయాయో మాత్రం లెక్క రాస్తారు. పోనీ పలక పెద్దది చేద్దామంటే, ఆ చోటూ ఉన్న మెమరీలోంచే తియ్యాలి.

సంక్రాంతికి ఇంటికెళితే అలమరాలో డాక్టరు చీటీలు మూడు కనిపించాయి.

"ఫోన్‌లో చెప్పలేదేం?" అన్నాను.

"ఆదివారం అయిదు నిమిషాలు. నీ పలకలో చోటేదిరా?" అంది.

జెన్ నయం. పోయినవాటి లెక్కైనా రాస్తుంది. అమ్మ అదీ రాయదు.