సముద్రం ఎటువైపు?

విశాఖపట్నంనుంచి ఒంగోలుకు కారులో పోదలచినవారికి రెండు దారులున్నాయి. 16వ నంబరు జాతీయ రహదారి రాజమండ్రి, ఏలూరు, బెజవాడ, గుంటూరుల మీదుగా పోతుంది. 216వ నంబరుది కత్తిపూడి దగ్గర దానినుంచి చీలి, కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, బాపట్ల, చీరాల తిరిగి ఒంగోలు దగ్గర మళ్లీ కలుసుకుంటుంది. పటంలో ఈ రెండోది తీరాన్ని రాసుకుపోతున్నట్టే ఉంటుంది. అది చూచి మా పిల్లలు దారిపొడవునా సముద్రమేనని మురిసిపోయారు.

తీరా వెళితే సముద్రం కనిపించదు! కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. గోదావరీ కృష్ణలు వేల ఏళ్లుగా ఒండ్రు మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కు నెట్టాయి. ఆ కొత్తనేల అంచున మడ అడవులు, ఉప్పుటేరులు. రోడ్డు ఊళ్లను వెతుక్కుంటూ లోపలగా పోక ఏం చేస్తుంది?

నిజంగా కడలిపక్కన పోవాలంటే బయలుదేరే ముందురోజు విశాఖనుంచి ఉత్తరంగా భీమిలి వెళ్లి రండి. అక్కడ కొండలు తీరందాకా వచ్చాయి. ఒకపక్క అలలు, ఒకపక్క ఎర్రమట్టి దిబ్బలు. చివర గోస్తనీ సంగమం, డచ్చివారి పాత సమాధులు.

పిఠాపురంనుంచి ఉప్పాడ మీదుగా కాకినాడ చేరే దారి కూడా సముద్రపుటొడ్డుదే. అయితే అక్కడ నదులు చేసినదానికి విరుద్ధంగా సముద్రమే నేలను కోసేస్తోంది. బండరాళ్లు పేర్చినా తుపానుకు రోడ్డు తెగుతూనే ఉంటుంది. ఆ అంచున కాపురముండే బెస్తవారిని చూస్తే వేడుకగా చూడబుద్ధి కాదు. వాయుగుండమని రేడియో చెప్పిన రోజున అటు పోనేవద్దు.

మరి 216 ఎందుకంటారా? నదులకోసం! యానాం దాటగానే గౌతమి, కోనసీమలో వైనతేయ, చించినాడ దగ్గర వసిష్ఠ, పులిగడ్డ దగ్గర కృష్ణ. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు రేవు దాటవలసిందే. మా అమ్మ కొత్తకోడలిగా, ఒళ్లో సారెబుట్టతో, పడవలోనే ఆ ఒడ్డుకు చేరిందట. వంతెనమీద డ్రైవరును నెమ్మదిగా పోనిమ్మంది. అద్దం దించి, కింద నీళ్లను చూస్తూ, "ఇంత తొందరగా అయిపోయిందేమిట్రా!" అంది.

ఈ దారికి ఒకరోజు అదనంగా పెట్టుకోండి. రాత్రికి బందరులో ఆగవచ్చు. సముద్రస్నానానికి బాపట్లనుంచి సూర్యలంక, చీరాలనుంచి ఓడరేవు, రెండూ దగ్గరే. ఎండ ముదరకముందే చేరుకోండి, ఇసుక కాలుతుంది.