చెవిలో దూది

ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు వెతుకుతూ గంటసేపు నిలబడితే చాలు, హారన్లకూ పొగకూ నా తల పగిలిపోతుంది. నాంపల్లి స్టేషను చేరేసరికి కడుపులో తిప్పుతుంది. "మరీ సుకుమారం" అని మిత్రులు నవ్వుతారు. యిది జబ్బు కాదు, కొందరి స్వభావమే అని 1997లో అమెరికన్ మనస్తత్వవేత్తలు ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్ ప్రతిపాదించారు. యిటువంటివారిలో ఆందోళన, శారీరక బాధలు కొంత ఎక్కువని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మన ఆలంకారికులు చెప్పిన సహృదయుణ్ణి నేనే కాబోలునని లోలోపల పొంగిపోయాను కూడా.

అంతలో పుస్తకాలమ్మే వృద్ధుడి చెవుల్లో దూది కనిపించింది. "మీరు పోతరు సారూ, నేనేడికి పోత?" అన్నాడు.

వ్యాపార ప్రాంతంలో పగటి శబ్దం 65 డెసిబెళ్లు దాటరాదని 2000 నాటి నిబంధనలు అంటున్నాయి. దాన్ని అమలు చేయమని ఆయన పక్షాన మనం అడగాలి. సున్నితత్వం యిద్దరికీ వుండవచ్చు. నిశ్శబ్దాన్ని మాత్రం నా జీతం కొనిపెడుతున్నది.