ఎర్ర ఏనుగుల దారిలో... నాన్న అడిగిన ప్రశ్న

‘సింహాలను చూసుడానికి అంత దూరం పోవాల్నా? మన జూ పార్కుల లెవ్వా?’

కెన్యాకు టికెట్ బుక్ చేశానని చెప్పగానే నాన్న అన్న మాటిది. ఆ తర్వాత నేను బయల్దేరేదాకా సరిగ్గా మాట్లాడనే లేదు. ఆయన కోపం సింహాల మీద కాదు. ఆ డబ్బుతో కాజీపేటలో మా ఇంటికి పై స్లాబ్ పడేది. రైల్వేలో కీమన్‌గా ముప్ఫై ఏళ్లు పట్టాల వెంట నడిచిన మనిషి ఆయన. ప్రయాణమంటే పెళ్లికో, చావుకో చేసేదేగానీ సరదాకి చేసేది కాదని ఆయన లెక్క.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. దాచుకున్న లీవులన్నీ కలిపి జులై చివర్లో నైరోబీలో దిగాను. వెళ్లాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ కార్డు అడుగుతారు.

మొదటి మజిలీ మసాయ్ మారా. 10 లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు పచ్చిక వెతుక్కుంటూ టాంజానియాలోని సెరెంగెటికీ ఇక్కడికీ మధ్య ఏటా తిరుగుతుంటాయి. అవి మారా నదిని దాటే దృశ్యం కోసమే జులై నుంచి అక్టోబరు దాకా జనం వస్తారు. మేమూ ఒడ్డున జీపులో రెండున్నర గంటలు కూర్చున్నాం. మంద నీళ్ల దాకా వచ్చింది. ముందున్నవి ఆగాయి, వెనకున్నవి తోశాయి. ఇంకేం, దూకేస్తాయి అనుకునేలోపు అన్నీ వెనక్కి తిరిగి దుమ్ము లేపుకుంటూ పోయాయి! నేను ఉసూరుమంటే డ్రైవర్ నవ్వి, ‘పోలే పోలే’ అన్నాడు. స్వాహిలిలో ‘మెల్లమెల్లగా’ అని అర్థం. ‘మీ ప్యాకేజీ మూడు రోజులేనని వాటికి తెలీదు కదా’ అన్నాడు.

తిరిగి నైరోబీ వచ్చాక అసలు ఆశ్చర్యం మొదలైంది. అక్కడ చాయ్‌ని చాయ్ అనే అంటారు. చపాతీ చపాతీయే. డబ్బు పెసా, దుకాణం దుకా, బండి గారి. చివరికి బీమా కూడా బీమాయే! నేను పేమెంట్ యాప్‌లకు కోడ్ రాస్తాను. మన యూపీఐ 2016లో వచ్చింది. అక్కడ ఎం-పెసా 2007 నుంచే ఉంది. అదీ మామూలు బటన్ ఫోన్లో!

మన మాటలు అక్కడికెలా వెళ్లాయి? కొన్ని పాతకాలపు వర్తకుల పడవల్లో వెళ్లాయట. జవాబులో ఇంకో ముక్క నైరోబీ రైల్వే మ్యూజియంలో దొరికింది. 1896లో మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలుమార్గం వేయడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి సుమారు 32 వేల మందిని తీసుకెళ్లారు. ఎక్కువమంది పంజాబీలు. 1901లో పని పూర్తయ్యేసరికి దాదాపు 2,500 మంది చనిపోయారు. జబ్బులు, ప్రమాదాలు... వాటికితోడు సింహాలు. 1898లో సావో నది మీద వంతెన కట్టేటప్పుడు జూలు లేని రెండు మగ సింహాలు రాత్రిపూట గుడారాల్లోంచి కూలీలను లాక్కెళ్లాయి. భయంతో పనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున స్టేషన్‌ స్టేషన్‌కీ ఆగే మొంబాసా బండెక్కాను. ఇది 2017లో మొదలైన కొత్త లైను. ఎక్కే ముందు బ్యాగులన్నీ వరసలో పెట్టించి కుక్కలతో వాసన చూపించారు. మ్టిటో అండీ స్టేషన్ దాటాక సావో అడవి. నేలంతా ఎర్రమట్టి. ఆ మట్టి ఒంటినిండా చల్లుకుని ఇటుక రంగులో ఏనుగుల గుంపు! జంతువులు అటూ ఇటూ దాటడానికి కట్ట కింద దారులు కూడా వదిలారు. కాసేపటికి సావో నది దాటాం. వీడియో తీసి, వోయి స్టేషన్లో సిగ్నల్ రాగానే నాన్నకు పంపాను.

రెండు నిమిషాల్లో ఫోన్. ఆయనే చేశారు. ఏనుగుల ఊసే లేదు.

‘పట్టాలు ఏ గేజ్‌రా?’

‘స్టాండర్డ్ గేజ్ నాన్నా. 1,435 మిల్లీమీటర్లు.’

‘మనది 1,676. మరి పాతది?’

‘మీటర్ గేజ్.’

కూలీల సంగతీ సింహాల సంగతీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. అప్పుడు అడిగారు.

‘నాకు సుత్తె ఉండె, స్పానర్ ఉండె, ఎర్రజెండా ఉండె. ఆ అడవిల పట్టాలు వేసినోళ్ల చేతిల ఏముండెరా?’

నా దగ్గర జవాబు లేదు. బండి కదిలింది, సిగ్నల్ పోయింది.

కెన్యా పోతే సింహాలు కనిపిస్తాయి, ఏనుగులు కనిపిస్తాయి. ఎవరైనా చెప్పేదే. నాకు మాత్రం మా నాన్న నడిచిన ముప్ఫై ఏళ్లు కనిపించాయి. ఇన్నేళ్లలో ఆయన డ్యూటీ గురించి నేను ఒక్క ప్రశ్నయినా అడగలేదని అక్కడే తెలిసింది.

ఇంటికొచ్చాక ఫొటోలు చూపించాను. సింహాలను వేలితో తోసేసి, సావో వంతెన దగ్గర ఆగారు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. స్లాబ్ మాట ఎత్తలేదు. ‘దీన్ని పెద్దగ ప్రింట్ తీయించు’ అన్నారు, అంతే.