మత్తు సూది, మన మాట



మా ఊళ్లో ఆపరేషన్ అంటే కోత కన్నా మత్తుకే ఎక్కువ భయపడతారు. "మత్తిస్తే మనిషి మళ్లీ లేవడు" అంటారు పెద్దోళ్లు. ఈ భయంతోనే మా అమ్మమ్మ మూడేళ్లు కుడి కంటి రెప్పని వేలితో ఎత్తి పట్టుకుని నెట్టుకొచ్చింది. రెప్పని లేపే కండరం పట్టు తప్పి, రెప్ప కంటిపాప మీదికి జారింది. బియ్యంలో రాళ్లు ఏరాలన్నా తల వెనక్కి వంచాల్సిందే.

మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. అందుకే హాస్టల్లో పర్మిషన్ తీసుకుని సిటీలో కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లా. అక్కడ మత్తు డాక్టర్ చెప్పింది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

పెద్దవాళ్లకి రెప్ప ఆపరేషన్‌లో చాలావరకు పూర్తి మత్తు ఇవ్వరు. రెప్పకి లిగ్నోకైన్ సూది వేసి తిమ్మిరి చేస్తారు. భయం తగ్గడానికి మిడజోలమ్ లాంటి మందు నరంలోకి కొంచెం కొంచెంగా ఇస్తారు. మనిషి మగతగా ఉంటారు గానీ పిలిస్తే పలుకుతారు, ఊపిరి సొంతంగా తీసుకుంటారు. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తుంటారు. మధ్యలో "కళ్లు తెరువు, పైకి చూడు" అని, రెండు రెప్పల ఎత్తు చూసుకుని కుట్టు బిగిస్తారు. అంటే పేషెంటుకి మాట అర్థం కావాలి.

మా అమ్మమ్మ తెలుగు సంతలో బేరం వరకే. నర్సు "నొప్పుందా, భయముందా" అని ఏది అడిగినా "బాగుంది" అంది. కాగితం మీద అదే ఎక్కింది. నేను కోయలో అడిగా. చేతికి పెట్టిన సూది మండుతోందట, మొహం మీద గుడ్డ కప్పితే ఊపిరాడదేమోనని భయమట.

ఆ సంగతి చెప్పగానే నర్సక్క సూది సరిచేసింది. గుడ్డ కింద గాలి ఆడుతుందని నాతో చెప్పించింది. తెరువు, మూయి, పైకి చూడు, నొప్పా? ఈ నాలుగూ కోయలో ఎలా అనాలో తెలుగు అక్షరాల్లో రాసుకుంది. నొప్పి వస్తే తల కదపకుండా చేయి నొక్కాలని గుర్తు పెట్టుకున్నారు.

బయటికొచ్చాక అమ్మమ్మ అంది: "మొదట చురుక్కుమంది. తర్వాత లాగినట్టు తెలిసింది, నొప్పి లేదు. ఒకసారి చేయి నొక్కితే మళ్లీ మందేశారు. ఆ పిల్ల మన మాట మాట్లాడింది." మిగతాది గుర్తులేదంది. ఆ మందుతో కొంత మరపు మామూలేనట.

మనోళ్లు ఆసుపత్రిలో "బాగుంది" అంటే చాలాసార్లు అది మొహమాటం, లేదా మాట అర్థం కాకపోవడం. దాన్ని తృప్తి అని రాసుకుంటే నొప్పి లోపలే ఉండిపోతుంది. చదువుకున్న మనం పక్కనుండి మన భాషలో మళ్లీ అడగాలి.

మీవాళ్లని తీసుకెళ్తే బీపీ, షుగర్ మాత్రలు, నాటు మందు, సారా అలవాటు ఏదీ దాచకండి. సారా అలవాటును బట్టి మత్తు మోతాదు మారొచ్చు. సికిల్ సెల్ ఉంటే తప్పకుండా చెప్పండి, వాళ్లకి ఆక్సిజన్ తగ్గితే ప్రమాదం. ఎన్ని గంటల ముందు తిండి, నీళ్లు ఆపాలో అడిగి పాటించండి. ఆ రోజు ఒంటరిగా బస్సెక్కించొద్దు.

ఇప్పుడు మా ఊళ్లో ఇంకో ఇద్దరు ముసలోళ్లు కళ్లు చూపించుకుంటామంటున్నారు. వాళ్లతో ఎవరు వెళ్లాలన్నదే మిగిలింది. సెలవుల్లో నేను వెళ్తా. మీ ఊళ్లో మీరు వెళ్లండి.