పట్టా కింద ఒక రాత్రి

ఏటా పిల్లలకు అరణ్యవాసం పాఠం చెప్పేవాణ్ణే గాని, నేను ఒక్క రాత్రయినా ఆరుబయట పడుకున్నవాణ్ణి కాను. మొన్న కార్తికంలో మావాడు, పన్నెండేళ్లవాడు, పట్టుబట్టి గండికోటకు బయలుదేరదీశాడు. జమ్మలమడుగులో ఒక టార్పాలిన్ పట్టా, కొబ్బరితాడు కొన్నాం.

"వానొస్తేనో?" అంది మా ఆవిడ, పొద్దున బయలుదేరేటప్పుడే.

"నేను లేనూ?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే ఆ గండి ముందు నిలబడితే పొద్దు తెలియదు. మాధవరాయ గోపురం, జామియా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ దగ్గర దగ్గరనే. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. ఆయనకు పడక ఎవరు వేశారో గాని, మా పడక మేమే వేసుకోవాలి. కోట వెలుపల, రెండు చెట్లకూ రెండు గుంజలకూ పట్టాను పెళ్లిపందిరిలా బల్లపరుపుగా కట్టాను.

అర్ధరాత్రి వాన. నడుమ నీళ్లు నిలిచి పట్టా కడవలా వేలాడింది. చేత్తో పైకి తోశాను. అంతా మావాడి నెత్తినే పడింది. "ఇంటికి పోదాం నాన్నా" అని వాడు వణుకుతూంటే నా మనసు చివుక్కుమంది.

పక్క బీట్లో మంద వేసుకున్న గొర్రెల కాపరి మా లాంతరు చూసి వచ్చాడు.

"గాలి యాడనుంచి కొడతాందో చూడల్ల గదా సామీ!"

చెట్ల నడుమ తాడు బిగించి, పట్టాను దానిమీదుగా వేసి, ఈశాన్యపు అంచును నేలదాకా దించి రాళ్లు కట్టాడు. మావాడి చేతనే చుట్టూ చిన్న కాలువ తీయించాడు. నీళ్లన్నీ జారిపోయాయి.

తెల్లవారి లేచేసరికి మావాడు ఒక ముడి విప్పి, మళ్లీ వేస్తున్నాడు.

"ఈ కొస పట్టుకో నాన్నా" అన్నాడు.