టఫెన్ అప్: రాటుదేలడమా, బండబారడమా?

ఇంగ్లీషు పాఠాల్లో 'టఫెన్ అప్' అనే మాట మీకు ఎదురవుతుంది. 'షార్ప్' నుంచి 'షార్పెన్' వచ్చినట్లే 'టఫ్' నుంచి 'టఫెన్' వచ్చింది. 'అప్'కు ఇక్కడ 'పైకి' అని అర్థం కాదు. అది క్రియకు ఊపునిస్తుంది, అంతే.

నిఘంటువులో 'గట్టిపడు' అని చూసి సరిపెట్టుకోకండి. గాజు గట్టిదే, కాని పెళుసు. దెబ్బ తగిలినా విరగని గుణమే 'టఫ్'. రైలు పట్టాకు రెండూ కావాలి. చక్రాల రాపిడికి అరగకుండా గట్టిదనం ఉండాలి, అదురుకు విరగకుండా ఈ గుణమూ ఉండాలి. భిలాయి ఉక్కు కర్మాగారంలో 1960 నుంచి పట్టాలు తయారవుతున్నాయి. హౌరా-ముంబయి మార్గంలో అదే దారిన బిలాస్‌పూర్ వైపు వస్తే మా బిల్హా తగులుతుంది.

శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన మా నాన్న ఇక్కడ పట్టాల గ్యాంగులో పనిచేశారు. చలికి ఉక్కు కుంచించుకొంటుంది. అతికిన పొడవాటి పట్టాలో అందుకు వీలుండదు కనుక లాగుడు పెరిగి, సన్నని పగులున్న చోట పట్టా విరగవచ్చు. అందుకే చలికాలపు రాత్రులు నాన్న దీపం పట్టుకొని పట్టాల వెంట నడిచేవారు.

'ద వర్క్ టఫెన్డ్ హిమ్ అప్' అంటే 'ఆ పని ఆయనను రాటుదేల్చింది' అని. 'హిమ్' మధ్యలోనే రావాలి, గమనించండి. 'హి టఫెన్డ్ అప్' అంటే 'ఆయన రాటుదేలాడు'. 'టఫెన్ అప్ ద రూల్స్' అంటే నిబంధనలను కఠినం చేయడం.

ఆజ్ఞగా వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. నాన్న తోటి పనివాడు రైలు తగిలి పోయాడు. ఆ వారం ఒక పై ఉద్యోగి నాన్నతో 'టఫెన్ అప్' అన్నాడు. ఏడుపు చాలించి పనిలోకి రమ్మని దాని భావం. ఇంట్లో అమ్మ, "గుండె దిటవు చేసుకోండి, రెండు ముద్దలు తినండి" అంది. నిఘంటువు ఈ రెంటినీ ఒకే అర్థం కింద చూపవచ్చు. దుఃఖంలో ఉన్నవారితో ఆ ఇంగ్లీషు మాట మీరు అనకండి. పక్కన కూర్చోగలిగినవారు అంటేనే అది దిటవు అవుతుంది.

నాన్న మళ్లీ పనికి వెళ్లారు. ఆ స్నేహితుడు పోయిన చోటికి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, పట్టాను చూసుకొని ముందుకు నడిచేవారు. ఆగకుండా నడిచిపోగలిగి ఉంటే దాన్ని మనం 'బండబారడం' అంటాం. ఇంగ్లీషులో దానికి 'హార్డెన్' అనే మాట వేరే ఉంది.